ఒక్కరి నృత్యంలో ఇద్దరు

విమానాశ్రయం శంషాబాద్‌కు వచ్చిన కొత్తలో నేను అక్కడ ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఒక విమాన సంస్థ చెక్-ఇన్ కౌంటర్‌లో ఉద్యోగం. మాది రాజమండ్రి. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను. తర్వాత బెంగళూరులో ఒక వర్క్‌షాపుకు వెళ్లి, గజ్జెలూ ముద్రలూ లేకుండా, మామూలు మనిషి లేచినట్టూ కూర్చున్నట్టూ ఉండే సమకాలీన నృత్యం మీద మనసు పడ్డాను. ఉద్యోగం పోగా మిగిలిన సమయమంతా దానికే.

మా ఇంటావిడకు యాభై దాటి ఉంటాయి. వాళ్ల చెలక, అంటే మెట్ట చేను, విమానాశ్రయంలో కలిసిపోయింది. ఆ తర్వాతే రోడ్డు పక్కన ఆ ఇల్లు కట్టుకున్నారు. కింద భార్యాభర్తలిద్దరూ, పైన గదిలో నేను. ఆమె డాబా మీద బట్టలు ఆరేస్తూ, దిగుతున్న విమానాల వైపు చెయ్యి చాపి తమ చెలక ఎక్కడ ఉండేదో చూపించేది. ఒక్కోసారి ఒక్కో దిక్కు చూపించేది. నేను సరిదిద్దలేదు. నాకు మాత్రం ఏం తెలుసు?

షిఫ్టుల వల్ల నా తిండికి వేళంటూ ఉండేది కాదు. ఒక మధ్యాహ్నం గదిలో కింద కూర్చుని అన్నం కలిపి, ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయాను. ఏడుపు రాలేదు. ప్రత్యేకంగా దిగులేమీ లేదు. చెయ్యి ఆగింది, అంతే. బయటినుంచి ఎవరైనా చూస్తే ఈ చెయ్యి ఎలా కనిపిస్తుందా అనుకున్నాను. నృత్యం అక్కడ మొదలైంది.

అది అరగంట నృత్యం. ఒక స్త్రీ నిద్ర లేస్తుంది, ఉద్యోగానికి తయారవుతుంది, వరసలో వచ్చేవాళ్లందరికీ ఒకే నవ్వు నవ్వుతుంది. వరస అయిపోయాక కూడా ఆ నవ్వు కాసేపు ముఖం మీదే ఉండిపోతుంది. ఇంటికొచ్చి పళ్లెం ముందు కూర్చుంటుంది. ముద్ద ఎత్తిన చెయ్యి గాల్లో ఆగిపోతుంది. చివరికి వెనక్కి వెనక్కి నడిచి, గోడవైపు తిరిగి కూర్చుంటుంది. మొదటినుంచి చివరిదాకా ఆమె చూపు ఎవరి చూపుతోనూ కలవకూడదు. నేను పెట్టుకున్న నియమం అదొక్కటే.

సాధన డాబా మీద చేసేదాన్ని. బట్టలు తీయడానికి వచ్చిన ఇంటావిడ ఒకసారి ఇది ఏ దేవుడి కథ అని అడిగింది. దేవుడి కథ కాదండీ, ఒంటరిగా ఉండే ఒకామె గురించి అన్నాను. ఆమె బట్టలు భుజాన వేసుకుని దిగిపోయింది.

మొదటి ప్రదర్శన ఒక ఆదివారం సాయంత్రం, దగ్గర్లోని బడి హాల్లో. దీపాలూ సంగీతమూ నాతో పనిచేసే ఒకమ్మాయి చూసుకుంది. ఆఫీసువాళ్లు కొందరు, నగరం నుంచి నాకు తెలిసిన నృత్య గురువొకరు వచ్చారు. ఇంటావిడ చెప్పిందని మా వీధివాళ్లు కూడా వచ్చారు. ఆమె, ఆమె భర్త ముందు వరసలో కూర్చున్నారు. వేదిక లేదు. కుర్చీలున్న నేల మీదే నేనూ ఆడాలి.

పళ్లెం దాకా అంతా అనుకున్నట్టే జరిగింది. ఖాళీ స్టీలు పళ్లెం. కలిపాను, ముద్ద ఎత్తాను, ఆగాను. అక్కడ సంగీతం కూడా ఆగుతుంది. చెయ్యి దానంతటది వణికేదాకా అలాగే ఉంచాలి. పైన విమానం ఒకటి వెళ్లింది. ఆ చప్పుడు తగ్గాక కుర్చీ జరిగిన శబ్దం వినిపించింది. ఇంటావిడ చెప్పులు విడిచి, నడిచి వచ్చి, నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"తిను బిడ్డా," అంది మెల్లగా. "నేను కూసుంట."

వెనక ఎవరో నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. నాకు ముందు కోపం వచ్చింది. నెలల తరబడి కష్టపడింది ఒక్క నిమిషంలో పోయిందనిపించింది. తల ఎత్తకూడదు. ఎత్తాను. ఆమె నన్ను చూడటం లేదు, నా చేతిని చూస్తోంది. లేని ముద్దను నోట్లో పెట్టుకున్నాను. ఇంకోటి కలిపాను. పళ్లెం అయిపోయిందని ఆమెకు నమ్మకం కుదిరేదాకా తిన్నాను. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, ఆమె వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. ఇంకా గోడ దాకా నడవాల్సి ఉంది. కానీ ఇప్పుడు ఆ నడకకు అర్థం లేదు. నేను ఊరికే నిలబడ్డాను. కాసేపు చూసి, దీపాలు చూసుకుంటున్న అమ్మాయి వాటిని ఆర్పేసింది.

బయట ఇంటావిడ మీద ఆమె భర్త ఇంతమంది ముందు ఇజ్జత్ తీశావని కేకలేస్తున్నాడు. "ఒక్కతి తినకుంట కూసుంటె సూస్తనే ఉండాల్నా?" అందామె. గురువుగారు మాత్రం ఆమె వచ్చి కూర్చున్న ఆ ఘట్టం తీసేయొద్దు, నీ నృత్యం అదే అన్నారు.

కొన్ని నెలలకు నగరంలో ఒక చిన్న థియేటర్‌వాళ్లు పిలిచారు. మళ్లీ వచ్చి కూర్చోమని ఇంటావిడను అడిగాను. సంబరంగా ఒప్పుకుంది. డాబా మీద సాధన చేశాం. ఆమె నా చెయ్యి ఆగకముందే వచ్చేది, కొంగు సర్దుకునేది, పక్క డాబా మీద ఎవరైనా చూస్తున్నారా అని చూసేది. తినమనే మాట గట్టిగా, అందరికీ వినపడేలా అనేది. చివరికి, మీరు ఊరికే వచ్చి చూడండి చాలు అన్నాను. ఆమెకు బుద్ధి పుట్టి లేచి వస్తే రానీ అనుకున్నాను. ఆ సంగతి దీపాల అమ్మాయికి ఒక్కదానికే చెప్పాను.

థియేటర్‌లో ఆమె రెండో వరసలో కూర్చుంది. పళ్లెం ముందు చెయ్యి ఆగింది. వణుకు వచ్చాక కూడా దించలేదు. అంతసేపు ఎప్పుడూ ఆపలేదు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూనే ఉంది. లేవలేదు. చెయ్యి దించాను, వెనక్కి నడిచాను, గోడవైపు తిరిగి కూర్చున్నాను. చప్పట్లు చాలాసేపు కొట్టారు. ఇప్పుడు పూర్తయింది అన్నారు గురువుగారు. మొదట తీసేయొద్దని చెప్పిందీ ఆయనే.

తిరిగి వచ్చేటప్పుడు కారులో, ఎందుకు రాలేదని అడిగాను.

"గప్పుడు నాకు ఎరుక లేకుండె," అంది. "ఇప్పుడు ఆట అని ఎరికైంది గద. ఆటకు అడ్డం పోతరా?"

ఆ మాటలో తప్పేమీ లేదు. ఆరాంఘర్ చౌరస్తా దాటేసరికి ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

తర్వాత ఆ నృత్యం మరికొన్ని చోట్ల చేశాను. అన్నిచోట్లా అనుకున్నట్టే జరిగింది, ఎవరూ లేవలేదు. నాకు వేరే ఊరికి బదిలీ అయ్యాక మానేశాను. గది ఖాళీ చేసిన కొన్నాళ్లకు, అందులో ఎవరు దిగారో కనుక్కుందామని ఆమెకు ఫోన్ చేశాను. మా ఆఫీసులోనే పనిచేసే అమ్మాయిలు ఇద్దరికి ఇచ్చానంది.

"ఇగ ఒక్కదానికి ఇయ్యనని జెప్పిన," అంది. ఆ ఇద్దరి వంట సంగతులు చెప్పడం మొదలుపెట్టింది.