స్క్రూ లేని డబ్బా

తాత ఏ వస్తువునైనా ముందు బోర్లా పడుకోబెట్టి చూస్తాడు. పైన ఎంత నిగనిగలాడినా ఆయనకి పట్టదు. అడుగున స్క్రూలున్నాయా లేవా, ఉంటే ఏ రకం, అదే ఆయనకి కావాలి. ఆ ఇంట్లోకి వచ్చిన ఏ వస్తువూ తాత చేతిలో ఒకసారి విడిపోయి మళ్ళీ కలిస్తే తప్ప కరెంటు మొహం చూడలేదు. మిక్సీ అంతే, ఇస్త్రీపెట్టె అంతే. కూతురి పెళ్ళికి ఎవరో ఇచ్చిన గోడగడియారాన్ని, ఇచ్చినవాళ్ళు ఇంకా భోజనం చేస్తుండగానే పక్కగదిలో విప్పేశాడు.

అల్లుడి సంగతి మరీ చిత్రం. మొదటిసారి ఇంటికొచ్చిన రోజు, పాపం, కుర్చీ అంచున కూర్చుని చేతి వాచీ వైపు ఒక్కసారి చూశాడు. "నెమ్మదిగా నడుస్తోందా బాబూ?" అని తాత చెయ్యి చాచాడు. కాసేపటికి ఆ వాచీ ముక్కలు ముక్కలుగా ఒక పళ్ళెంలో ఉంది. వాచీ వదిలేసి వెళ్ళలేక, ఉండి ఏం మాట్లాడాలో తెలియక, కుర్రాడు సాయంత్రం దాకా కూర్చుండిపోయాడు. ఆ కూర్చోవడంలోనే తమకు మాటలు కలిశాయని కూతురు ఇప్పటికీ చెబుతుంది.

"ఊళ్ళోవాళ్ళ స్క్రూలన్నీ బిగిస్తారు. అసలు వదులైంది మాత్రం ఈయనకి కనబడదు," అని అమ్మమ్మ తన కణత మీద వేలు పెట్టి చూపిస్తుంది.

తాత పని పాత ఫోటోలు బాగుచేయడం. ఒకప్పుడు బజారులో స్టూడియో ఉండేది. అందరి జేబుల్లోకీ కెమెరాలు వచ్చిపడ్డాక దాన్ని మూసేసి, ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకున్నాడు. చిరిగినవి, చెదలు కొట్టినవి, తడిసి అద్దానికి అతుక్కుపోయినవి, పెళ్ళికూతురి మొహాన కాఫీ ఒలికినవి తెస్తారు జనం. వాటిని స్కానరు కింద పెట్టి, కంప్యూటర్లోకి ఎక్కించి, పోయిన ముక్కునీ చెదలు తిన్న చెవినీ ఓపిగ్గా తెచ్చి అతికిస్తాడు. ఎవరి ముక్కు వాళ్ళకే వస్తుందా అంటే, ఆ పూచీ మాత్రం ఆయన తీసుకోడు.

ఆ కంప్యూటరు టిఫిన్ డబ్బా కన్నా కాస్త వెడల్పు, అంతే. బల్ల మూల ఒదిగి కూర్చుంటుంది. ఇంట్లో దాని పేరు ముసలోడు. ముసలోడిలో మొదట వచ్చిన భాగాలు ఇప్పుడు పెద్దగా లేవు. డిస్కు మార్చాడు. ఫ్యాను మార్చాడు. లెక్కలు వేసుకోవడానికి దానికి జాగా ఇచ్చే ర్యామ్ పలకలు రెండూ మార్చి, నాలుగు జీబీ ఉన్న చోట ఎనిమిది చేశాడు. ఎనిమిదికి మించి పట్టదని కంపెనీవాళ్ళు ఇచ్చిన కాగితంలో రాసి ఉంది. అక్కడితో ఆగాడు.

అయినా ముసలోడికి ఆయాసం మొదలైంది. పెద్ద ఫోటో తెరిస్తే చాలు, ఫ్యాను ఈల వేస్తుంది, తెర బిగుసుకుపోతుంది. అప్పుడు తాత లేచి వెళ్ళి మొహం కడుక్కుని వస్తాడు. ముసలోడు ఇంకా ఆలోచిస్తూనే ఉంటాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే కంపెనీ అలాంటిదే కొత్త చిన్న కంప్యూటరు తెస్తోందని ఎక్కడో చదివాడు తాత. ఇక అక్కణ్ణుంచి ఆయన మాటలన్నీ "అట"తోనే ముగిసేవి. వస్తుందట. ఇంకా చిన్నదట. చప్పుడే చేయదట. అడుగున మూత ఉంటుందట, తీసి ర్యామ్ మార్చుకోవచ్చట. ఈ చివరి "అట" దగ్గర మాత్రం గొంతు కాస్త తగ్గేది. గట్టిగా అంటే కంపెనీవాళ్ళు విని మనసు మార్చుకుంటారేమోనన్నట్టు.

దాని పేరు పెళ్ళికొడుకు అని అమ్మమ్మే పెట్టింది. "పిల్లనిచ్చే తండ్రి కూడా ఇంత ఎదురుచూడడమ్మా," అనేది కూతురితో ఫోన్లో. "పొద్దున లేచింది మొదలు వాడి కబురే. వాడింకా పుట్టనైనా లేదు."

పుట్టకపోతేనేం? తాత వాడికి బట్టలు కూడా కుట్టించేశాడు. అంటే, కంప్యూటరు రాకముందే దానికి వేయడానికి పెద్ద ర్యామ్ పలకలు రెండు కొనేశాడు. విడిభాగాల దుకాణం ఆయన "మీ పాతదానికి వాడే రకమే కొత్తదానికీ ఉంటుందట" అన్నాడు. ఇంకొకరి నోట "అట" వినగానే తాతకి ధైర్యం వచ్చేసింది. ఆ వెండి రంగు కవరు తెచ్చి, విప్పకుండా, బట్టల బీరువాలో దుప్పట్ల మధ్య దాచాడు. అమ్మమ్మ దుప్పటి లాగినప్పుడల్లా అది జారి కాళ్ళ మీద పడేది. "మీ పెళ్ళికొడుకు అప్పుడే దీవెనలు అడుగుతున్నాడు," అని మళ్ళీ లోపలికి తోసేది.

ఈ ఎదురుచూపుల మధ్యకి ఫిట్టరు వచ్చి పడ్డాడు.

ఫిట్టరు తాతకి చిన్ననాటి స్నేహితుడు. వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. వర్క్‌షాపువాళ్ళంతా వరసలుగా నిలబడి ఎప్పుడో దిగిన ఒక పొడుగాటి ఫోటో చుట్టచుట్టి తెచ్చాడు. తలుపంత పొడుగు. మడతల దగ్గర విరిగింది, అంచులు ఎలకలు తిన్నాయి. దాన్ని బాగుచేసి, పెద్దదిగా వేయించి, వర్క్‌షాపు కార్మికుల సంఘం హాల్లో గోడకి పెట్టాలి.

"అందులో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నార్రా," అన్నాడు ఫిట్టరు. "మిగిలినవాళ్ళమైనా చూసుకోవాలి కదా. నడిమధ్యలో, మేనేజరు పక్కనే ఉంటాన్నేను. చాతీ ఇలా పెట్టి."

చేస్తానని తాత మాటిచ్చాడు. ఫోటోని ముక్కలు ముక్కలుగా స్కాన్ చేశాడు. ఒక్కో ముక్కని విడివిడిగా శుభ్రం చేశాడు. అన్నీ కలిపి ఒకటి చేయబోయేసరికి ముసలోడు ఈలవేసి చతికిలబడ్డాడు. మళ్ళీ లేపితే మళ్ళీ పడ్డాడు.

"పెళ్ళికొడుకు రానీరా, ఒక్క పూట పని," అన్నాడు తాత.

ఫిట్టరు వారం వారం వచ్చి గుమ్మంలోంచే అడిగేవాడు. "ఏరా, వచ్చాడా?"

"వచ్చే నెలట."

"పోయిన నెల కూడా వచ్చే నెలే అన్నావు. నీ డబ్బా వచ్చేలోపు నేనే గోడమీద ఫోటో అయిపోతాను. అప్పుడు నన్ను విడిగా బాగుచేద్దువుగాని."

"అన్నయ్యా, అలాంటి మాటలనకండి," అని అమ్మమ్మ కాఫీ తెచ్చేది. "అయినా మీ పని చేయకుండా ఈయన మిమ్మల్ని పోనివ్వరు. అల్లుడి వాచీ గుర్తుంది కదా."

నవ్వుకునేవాళ్ళు గానీ, ఫిట్టరు ఈమధ్య మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. తాత అది చూశాడు. చూసీ చూడనట్టు ముసలోడి మీద దుమ్ము తుడిచాడు.

చివరికి కంపెనీవాళ్ళు నిజంగానే కొత్తది బయటపెట్టారు. ఆ సమాచారం చెప్పే వీడియో చూడటానికి తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. వెనక కుర్చీల్లో అమ్మమ్మ, ఫిట్టరు. తెరమీద ఒకాయన చేతులు తిప్పుతూ చిన్నది, పలచనిది, వేగమైనది అన్నాడు. సరిగ్గా అడుగుభాగం చూపించబోతుండగా ముసలోడు బిగుసుకుపోయాడు. అవతలాయన నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

"ముసలోడికి కుళ్ళు," అంది అమ్మమ్మ. "సవతిని చూపిస్తాడా ఏంటి?"

కొత్త కంప్యూటర్లు దుకాణానికి వచ్చాయని తెలియగానే తాత బయల్దేరాడు. పై జేబులో కళ్ళద్దాలు, పక్కజేబులో స్క్రూడ్రైవరు. అద్దాల గోడల దుకాణంలో, తెల్లటి బల్లమీద, పెళ్ళికొడుకు మెరుస్తూ కూర్చున్నాడు. తాత ఎత్తి బోర్లించాడు. నున్నగా ఉంది. పక్కకి తిప్పాడు, నున్నగానే ఉంది. వేలితో అంచంతా తడిమాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ తడిమాడు.

అమ్మే అమ్మాయి నవ్వుతూ వచ్చింది. "ఏం వెతుకుతున్నారు సార్?"

"స్క్రూ, అమ్మా."

"స్క్రూలేవీ ఉండవు సార్. అదే దీని అందం."

"మరి ర్యామ్ ఎలా మార్చాలి?"

"మార్చేది ఉండదు సార్. లోపల అతికించేసే వస్తుంది. మీకెంత కావాలో కొనేటప్పుడే చెప్పేయాలి."

"తరవాత ఎక్కువ కావాలనిపిస్తే?"

"కొత్తది కొనుక్కోవాలి సార్."

తాత దాన్ని నిద్రపోతున్న పిల్లాణ్ణి దింపినట్టు బల్లమీద దింపాడు. "బాగుందమ్మా," అన్నాడు. "మూత లేని వస్తువుతో నాకు పనేంలేదు." ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. తలుపు దాకా వచ్చి, మళ్ళీ రమ్మని మర్యాదగా చెప్పింది.

ఇంటికొచ్చి చొక్కా కూడా మార్చుకోకుండా ముందుగదిలో నిలబడ్డాడు. "ఏమోయ్! ఈ గది నీకెప్పట్నుంచో కావాలి కదా. నీ కుట్టుమిషను తెచ్చి పెట్టుకో. నేను మూసేస్తున్నాను."

నిజానికి ఆ గది కోసం అమ్మమ్మ ఏళ్ళ తరబడి పోట్లాడింది. వెలుగంతా మీకే, వంటింటి పక్క చీకట్లో సూదిలో దారం ఎక్కించలేక నేను చావాలా అనేది. ఇప్పుడు గది తానంతట తానే కాళ్ళ దగ్గరకొచ్చి పడితే, ఆవిడ దానివైపు చూడనైనా చూడలేదు.

"మరి అన్నయ్య ఫోటో?"

"ముక్కలుగానే ఇచ్చేస్తాను. పక్కపక్కన పెట్టి చూసుకోమంటాను." ఆ మాట ఆయన గోడకి చెప్పాడు, ఆవిడకి కాదు.

అమ్మమ్మ లోపలికెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. వెండి రంగు కవరు పట్టుకొచ్చి బల్లమీద పెట్టింది. "మరి వీటినేం చేయమంటారు? రోజూ కాళ్ళమీద పడుతోంది."

"పారెయ్."

"ముసలోడికి పెట్టి చూస్తే?"

"ఎనిమిదికి మించి పట్టదు. కంపెనీవాళ్ళు కాగితంలో రాశారు."

అమ్మమ్మ ఆయన్ని కింద నుంచి పైకి చూసింది. ముందు చిన్నగా నవ్వింది. తరవాత ఆపుకోలేక కుర్చీలో కూలబడి నవ్వింది.

"కాగితమా! మీరు కాగితం నమ్మారా? ఇస్త్రీపెట్టె కాగితంలో విప్పొద్దని రాశారు, విప్పలేదూ? మిక్సీ విప్పితే పూచీ లేదన్నారు, ఆగారూ? నా కుట్టుమిషను కాగితంతో పకోడీల నూనె అద్దారు కదండీ! ఇన్నేళ్ళలో కంపెనీ చెప్పిన మాట మీరు విన్నది ఇదొక్కటే."

తాత కవరుని బల్ల అంచు దాకా జరిపాడు.

"ఎందుకు విన్నారో నేను చెప్పనా? మీకు కొత్తది కావాలనిపించింది. ముసలోడు పనికిరాడని ఎవరైనా రాసిస్తే బాగుండుననుకున్నారు. వాళ్ళు రాసే ఉంచారు."

ఇంట్లో ఉన్న వస్తువులన్నిటినీ విప్పిన మనిషిని అమ్మమ్మ ఒక్క మాటతో విప్పి బల్లమీద పరిచేసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కవరు తిప్పి, దానిమీద అక్షరాలు చదివాడు. ముసలోడి వైపు చూశాడు. మళ్ళీ కవరు చదివాడు.

"రకం మాత్రం ఇదే," అన్నాడు మెల్లగా.

"అదే నేనూ అంటున్నది. రకం ఏదో నాకు తెలీదు గానీ."

అప్పుడే గుమ్మంలోంచి ఫిట్టరు గొంతు. "ఏరా, వచ్చాడా?"

"రాలేదు. రాడు కూడా. ఇలా వచ్చి టార్చి పట్టుకో."

ముసలోణ్ణి బోర్లించారు. అడుగు మూత ఎన్నిసార్లు తీశాడో, స్క్రూలు తాత వేళ్ళకి అలవాటైన మనుషుల్లా ఇట్టే వచ్చేశాయి. పాత పలకలు తీసి కొత్తవి నొక్కాడు. మీట వేశాడు. తెర నల్లగా ఉండిపోయింది. లోపల్నుంచి మూడు కూతలు వినిపించాయి.

"తిడుతోందా?" అన్నాడు ఫిట్టరు.

"కంపెనీ చెప్పింది నిజమేనేమో," అన్నాడు తాత. ఆ మాట ఆయన నోట రావడం ఆ ఇంట్లో అదే మొదలు. టార్చి పట్టుకున్న ఫిట్టరు చెయ్యి కాస్త కిందికి దిగింది.

"ఇన్నాళ్ళు దుప్పట్ల మధ్య పడున్నాయి. కాస్త తుడవండి," అంది అమ్మమ్మ.

తాత సొరుగులోంచి పెన్సిలు చెరిపే రబ్బరు తీసి, పలకల అంచున ఉన్న రాగి గీతల్ని రుద్దాడు. ఊదాడు. మళ్ళీ పెట్టి, బొటనవేళ్ళు రెండూ ఆనించి టక్కుమనేదాకా నొక్కాడు. మీట వేశాడు. ఒక్కటే కూత. తెర వెలిగింది. మూల చిన్న అక్షరాల్లో పదహారని చూపించింది. తాత దాన్ని రెండుసార్లు పైకి చదివాడు.

ఫోటో ముక్కలన్నీ తెరిచి కలపమని చెప్పాడు. ఫ్యాను ఈల మొదలుపెట్టింది. ఈల సన్నగిల్లింది. తెరమీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మనుషులు, వరస మీద వరస, ఒకరి భుజం వెనక ఒకరు నిలబడ్డారు.

ఫిట్టరు కళ్ళద్దాలు పెట్టుకుని ముందుకి వంగాడు. వీడు లేడు, వీడూ లేడు, వీడున్నాడు, మొన్ననే కలిశాడు అంటూ వేలితో వరసంతా నడిచాడు. మేనేజరు దగ్గర ఆగాడు. మేనేజరు పక్కన ఎవరో మీసాలాయన ఉన్నాడు.

"మరి నువ్వెక్కడరా?" అన్నాడు తాత.

వెతగ్గా వెతగ్గా, వెనక వరసలో, ఆ చివర, ఎలకలు తిన్న అంచు పక్కన దొరికాడు. సగం భుజం. ఒక చెవి. కళ్ళు గట్టిగా మూసుకున్నాయి.

అమ్మమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫిట్టరు ఆ చెవి మీద వేలు పెట్టి చూశాడు. తరవాత ముసలోడి మీద చెయ్యేసి, "ఇది నన్ను చూసే ఇన్నాళ్ళు ముడుచుకుపోయిందిరా," అన్నాడు. "పోనీ, కళ్ళు తెరిపిస్తావా?"

"కళ్ళు తెరిపిస్తా. భుజం కూడా తెస్తా. మేనేజరు పక్కకి మాత్రం మార్చను."

"దొంగవెధవా," అన్నాడు ఫిట్టరు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ముందుగది తాతకే ఉండిపోయింది, సగం. కిటికీకి అటు బల్ల, ఇటు కుట్టుమిషను. వెలుగు ఇద్దరికీ సరిపోతోంది, మాటలు మాత్రం ఎక్కువయ్యాయి. ఫోటో సంఘం హాల్లో గోడెక్కింది. అందులో చివరి మనిషి కళ్ళు పెద్దవి చేసుకుని మేనేజరు వైపే చూస్తున్నాడు.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక పొద్దున తాత తెర మీద ఏదో చదువుతూ గొంతు తగ్గించాడు. "ఏమోయ్, జనం బాగా తిట్టారట. వచ్చేసారి తెచ్చేదానికి అడుగున మళ్ళీ మూత పెడతారట."

కుట్టుమిషను ఆగింది. అమ్మమ్మ లేచి వెళ్ళి, బట్టల బీరువాకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని వచ్చి కూర్చుంది.