ఆదివారం కనబడితే ఓడినట్టే

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామమున మీ అందరికీ నా వందనాలు. తాగుడు నుంచి విడుదల పొందినవాళ్లు, చావు మంచం మీద నుంచి లేచినవాళ్లు ఇక్కడ నిలబడి సాక్ష్యం చెబుతుంటే విన్నాను, అందరితో పాటు ఆమేన్ అన్నాను, కానీ నన్ను మింగబోయినది ఏమిటో చెబితే మీకు నవ్వొస్తుందేమో, నవ్వినా పరవాలేదు, ఎందుకంటే అది మూడడుగుల దూరం! మనం కూర్చున్న ఈ చాప వెడల్పంత దూరంలో ఉన్న గుంతలోకి ఒక చిన్న తెల్ల బంతిని నెట్టలేక, ఇంత పెద్ద బెంగళూరులో నాకంటూ ఒక్క మనిషి లేడని ఏడ్చిన రోజులున్నాయి.

వైట్‌ఫీల్డ్ సంఘం నుంచి ఈ రోజు మన చందాపుర కూడికకు వచ్చినవాళ్లు నన్ను ఎరగరు కాబట్టి చెబుతున్నాను, నేను గోల్ఫ్ ఆడి బతికేవాణ్ణి. మా నాన్న హిందూపురం పక్క నుంచి వచ్చి ఇక్కడ ఒక గోల్ఫ్ క్లబ్బులో తోటమాలిగా చేరాడు, సోమవారం క్లబ్బుకు సెలవు, ఆ ఒక్క రోజు పనివాళ్ల పిల్లలు ఆడుకోవచ్చు, అలా విరిగిన కర్రతో మొదలుపెట్టి పెద్దవాళ్లతో పోటీపడే దాకా వచ్చాను. నాన్న ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక క్లబ్బు వాళ్లిచ్చిన క్వార్టర్స్ వదిలేసి వైట్‌ఫీల్డ్‌లో ఒక గది తీసుకున్నాను. ఊరూరూ తిరిగే ఆట కదా, పెళ్లి మాట ఎత్తేవాళ్లు కూడా లేకపోయారు.

ఇది ఎంత ఒంటరి ఆటో ఆడినవాడికే తెలుస్తుంది! కబడ్డీలో పక్కన మనవాళ్లుంటారు, క్రికెట్‌లో ఎదుటివాడు బంతి విసురుతాడు, తప్పు అతని మీదకైనా నెట్టొచ్చు, ఇక్కడ మాత్రం బంతి కదలకుండా నేల మీద కూర్చుని నీకోసం ఎదురుచూస్తుంది, ఎవరూ అడ్డం రారు, నువ్వు కొట్టబోయేటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లందరూ ఊపిరి బిగబట్టి మాట మానేస్తారు, అది మర్యాదే, కానీ ఆ నిశ్శబ్దంలో నీ గుండె చప్పుడు నీకే పెద్దగా వినబడుతుంది. గుంత దగ్గరికొచ్చాక బంతిని నెమ్మదిగా నెట్టే దెబ్బను మేము పట్ అంటాం. ఒకసారి ఒక పోటీ చివరి రోజున, ముందంజలో ఉండగా, మూడడుగుల పట్ దగ్గర నా చేతులు వణికాయి. బంతి గుంత పక్క నుంచి పోయింది. ఆ రోజు పట్టిన వణుకు నన్ను వదల్లేదు!

డాక్టరు చూసి నరాలు బాగానే ఉన్నాయన్నాడు. నేను సాధన పెంచాను. పొద్దున్నే అందరికంటే ముందు మైదానానికి పోయేవాణ్ణి, ఎవరైనా రాగానే ఇంకో మూలకు జరిగేవాణ్ణి, ఒక్కణ్ణే ఉంటే కొట్టిన ప్రతి బంతీ గుంతలో పడేది, ఎవరైనా వచ్చి పక్కన నిలబడితే చాలు, చేతులు నావి కావు! నా బ్యాగు మోసే మునిరాజన్న "సాకప్పా, ప్రాక్టీసు చేసింది చాలు, మనుషుల్లోకి రా" అని బతిమాలేవాడు. నాకు కోపమొచ్చేది. సాధన చేస్తున్నానని నేననుకున్నాను గానీ, సహోదరులారా, నేను మనుషుల నుంచి దాక్కుంటున్నానని ఆయనకు తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా పోటీ గురువారం మొదలై ఆదివారం ముగుస్తుంది. మొదటి రెండు రోజులు అయ్యాక వెనకబడినవాళ్లను ఇంటికి పంపేస్తారు, నిలబడినవాళ్లు శని, ఆదివారాలు ఆడతారు. అంటే ఆదివారం నేను మందిరంలో కనబడితే ఓడిపోయానన్నమాట! మన సంఘంలో గోల్ఫ్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు, ఫ్యాక్టరీ షిఫ్టులకు పోయేవాళ్లకు ఎందుకు తెలియాలి, కానీ ఈ ఒక్క ముక్క మాత్రం పసిపిల్లలతో సహా అందరికీ తెలుసు. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటేనే "అయ్యో, ఈ వారం కూడానా" అని నాలుక చప్పరించేవాళ్లు. పాస్టర్ అయ్యగారు నా తల మీద చేయి పెట్టి, కన్నీళ్లతో, "ప్రభువా, వచ్చే ఆదివారం మా తమ్ముణ్ణి ఈ మందిరంలో కనబడకుండా చెయ్యి తండ్రీ" అని ప్రార్థించేవారు, సంఘమంతా గట్టిగా ఆమేన్ అనేది!

అయ్యగారూ, మీరు నవ్వుతున్నారు, నాకు తెలుసు మీరెంత ప్రేమతో చేశారో. కానీ ఆ ఆమేన్ వినేటప్పుడు నాకేమనిపించేదో ఈ రోజు చెప్పాలి. గెలిస్తే మీ మధ్య ఉండను, ఓడితే మీ మధ్య ఉండటానికి ముఖం చెల్లదు, మరి నేను ఎక్కడ ఉండాలి? రావడం మానేశాను. ఓడి ఊరికి తిరిగొచ్చినా రాలేదు, మీరు నేను గెలుస్తున్నాననుకుని స్తుతులు చెల్లిస్తూ ఉంటే నేను గదిలో తలుపేసుకుని, కింద రోడ్డు మీద పోయే ఆఫీసు బస్సులు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒక ఆదివారం పొద్దున పాల కోసం దిగితే వాచ్‌మన్ పలకరించాడు, జవాబు చెప్పబోతే గొంతు పెగల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది, పోటీ నుంచి తిరిగొచ్చింది మొదలు నోరు తెరిచి ఒక్క మాట కూడా మాట్లాడలేదని! మెట్ల మీదే కూలబడి, "ప్రభువా, ఆట పోతే పోయింది, నాకు మనుషులు కావాలి" అన్నాను. నా బతుకులో నేను మనసారా చేసిన మొదటి ప్రార్థన అదే.

ఆ పొద్దునే పటర్ ఒక్కటి చేత పట్టుకుని, అది పట్ కొట్టే కర్ర, అలవాటు కొద్దీ దాన్ని తెచ్చాను, చందాపుర బస్సెక్కి వచ్చి, ఆరాధన సగమయ్యాక వెనక చెప్పుల దగ్గర నిలబడ్డాను. అక్కడ చాప చివర ఒక అవ్వ కూర్చుని ఉంది. మదనపల్లె పక్క నుంచి మనవరాలి దగ్గరికి కొత్తగా వచ్చిన రత్నమ్మవ్వ. ఆమెకు నా ఆట సంగతి ఏమీ తెలియదు. నన్ను చూసి ముఖమంతా నవ్వుతో, "వచ్చినావా నాయనా, రా, ఈడ శానా చోటుండాది, కూసో" అని పక్కకు జరిగింది. సహోదరులారా, నేను మందిరానికి వచ్చినందుకు సంతోషపడిన మనిషిని ఎన్నాళ్లకు చూశానో! ఏడుపు ఆపుకోలేకపోయాను.

ప్రార్థన విన్నపాల వేళ ఎవరో నా కోసం ప్రార్థించమన్నారు. అవ్వ అప్పటికే నా ఏడుపు చూసి నా చేయి పట్టుకుని ఉంది, తానే ప్రార్థన అందుకుంది. "ప్రభువా, ఈ బిడ్డ ఒంటిగా ఉండాడు, ప్రతి ఆదివారం వీణ్ణి నా పక్కన ఈ చాప మీద కూసోబెట్టు నాయనా" అంది. ఎవరి నోటా ఆమేన్ రాలేదు! మనవరాలు కంగారుగా చెంగు లాగి, "అవ్వా, అట్ల అడగొద్దు, ఈయన్న ఆదివారం వచ్చినాడంటే ఓడిపోయినట్లు లెక్క" అంది. అవ్వ కళ్లు తెరవలేదు. ప్రభువుతోనే అంది, "ఓడిపోయినోడు నీ ఇంటికి రాకపోతే యాడికి పోవల్ల తండ్రీ?"

మందిరం అంతా నిశ్శబ్దం. నేను భయపడే నిశ్శబ్దమే అది, కానీ ఆ రోజు దానిలో నాకు భయం వేయలేదు. ముందుగా ఆమేన్ అన్నది పాస్టర్ అయ్యగారే.

భోజనాలయ్యాక అవ్వ నా పటర్ వైపు చూసి "ఏందప్పా ఆ కట్టె? ఏం జేస్తారు దాంతో?" అని అడిగింది. చూపించక తప్పలేదు. చాప మీద స్టీలు గ్లాసు అడ్డంగా పడుకోబెట్టి, జేబులోని బంతి తీసి మూడడుగుల దూరంలో పెట్టాను. మీరందరూ చుట్టూ మూగారు. చేతులు వణికాయి, బంతి గ్లాసు పక్క నుంచి పోయి సాంబారు గిన్నెకు టంగుమని తగిలింది! అందరూ పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను, అవ్వ బంతి ఏరి తెచ్చి "పోతే పోయిందిలే, ఇంకొకటి కొట్టు" అంది. కొట్టాను, పోయింది, మళ్లీ కొట్టాను. ఎప్పుడు గ్లాసులో పడిందో, ఎప్పుడు వణుకు ఆగిందో నాకు గుర్తులేదు, మా ఆటలో ఎవరూ నాతో అనని ఆ పోతే పోయిందిలే అన్న మాట మాత్రం గుర్తుంది. దేవునికే మహిమ!

ఆ తర్వాత నేను సాధన మానలేదు, ఇంకా ఎక్కువ చేస్తున్నాను, కానీ దాక్కోవడానికి కాదు. మునిరాజన్నను పక్కనే నిలబెట్టుకుని, కబుర్లు చెప్పమని అడిగి మరీ కొడుతున్నాను. కొన్ని ఆదివారాలు ఆడాను, ఆ రోజుల్లో మీ పాటలు గుర్తొచ్చి బెంగ పెట్టుకున్నాను. ఒంటరితనం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను, హోటలు గదిలో తలుపు మూసుకున్నాక అది ఇంకా వస్తుంది, కానీ నా కోసం ఎక్కడో చాప మీద చోటు ఖాళీగా ఉందని దానికి చెబుతాను.

ఈ రోజు ఆదివారం, నేను ఇక్కడ నిలబడి ఉన్నాను, కాబట్టి ఫలితం మీకు ముందే అర్థమై ఉంటుంది. అవును, శుక్రవారం ఓడిపోయాను. ఆఖరి గుంత దగ్గర మిగిలింది అదే మూడడుగులు, అందరూ చూస్తున్నారు, పడితే నిలుస్తాను, పడకపోతే ఇంటికి. చేతులు వణకలేదు! నేను అనుకున్నట్టే కొట్టాను, బంతి గుంత అంచు తాకి, ఒక చుట్టు తిరిగి, బయటే ఆగింది. నా తోటి ఆటగాడు ఏమని ఓదార్చాలో తెలియక తల దించుకున్నాడు, నేనే అతని భుజం తట్టాను. గెలుపు సాక్ష్యం చెబుదామని ఇన్నాళ్లూ ఆగాను, ఇక ఆగలేను, నాకు విడుదల దొరికింది గెలుపులో కాదు.

మీలో ఈ వారం ఓడిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే, పరీక్షలోనో, ఉద్యోగంలోనో, ఇంట్లోనో, ముఖం చెల్లక గుమ్మం దగ్గరే నిలబడి ఉంటే, ప్రియులారా, లోపలికి రండి, ప్రభువును నమ్మండి, ఆయన ఫలితం అడిగి చోటివ్వడు. నేను ముగిస్తున్నాను. వెనక రత్నమ్మవ్వ ఇందాకటి నుంచి చేయి ఊపుతూనే ఉంది. వస్తున్నానవ్వా, కొంచెం జరుగు.