శాలువా కింద డబ్బా

ఓ చలికాలం పొద్దున, సైదాబాద్ నుంచి చార్మినార్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒక రేకు డబ్బాను శాలువా కింద పొట్టకు హత్తుకున్నాడు. శాలువా కాస్త జారితే, మూత చిల్లుల్లోంచి మీసాలు కదులుతూ కనిపించాయి. బొద్దింకలు! గబుక్కున పక్కకు జరిగాను.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, ఇవి పెంచినయి. నావన్నీ చలికి సచ్చినయి. దోస్తు తాన విత్తనానికి తెచ్చుకుంటున్న. మా మైనా పిట్టకు తిండి."

"ఇళ్లల్లో బోలెడు దొరుకుతాయిగా?"

"గవి మందు తిని ఉంటయి. మైనాకేమన్న అయితే ఎట్ల? మా ఇంటామె పోయింది గని, 'తిన్నవా' అని మైనా ఇప్పటికీ ఆమె గొంతుతోనే అడుగుతది."

దిగబోతుంటే బస్సు కుదిపింది. ఆయన కడ్డీ వదిలేసి రెండు చేతులా డబ్బానే పట్టుకున్నాడు. ఆయన్ని నేను పట్టుకున్నాను.

ఇన్నేళ్లయినా, మా ఆవిడ "తిన్నారా" అని అడిగితే, పేపరు మడిచి పక్కన పెట్టి మరీ జవాబు చెబుతాను.