గనిలో చివరి పేరు ఓబులేసు

మనుషులంటే నాకు బెరుకు గానీ దయ్యాలంటే ఎప్పుడూ లేదు. ఖాళీ ఇంట్లో ఒంటరిగా పుస్తకం చదువుకోమంటే హాయిగా చదువుకుంటాను. నలుగురు కూర్చున్న గదిలోకి వెళ్లి పలకరించమంటే మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోతాను. దయ్యం కథ ఎవరు చెప్పినా అందులో చీకటో, భయమో, కంటి పొరపాటో వెతకడం నా అలవాటు. చాలాసార్లు దొరికేది కూడా.

ఇప్పుడు రాస్తున్న సంగతిలో చీకటి లేదు. అది మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా, నేను స్వయంగా రాసిన కోడ్‌లో జరిగింది. అందుకే రాస్తున్నాను. అదే రోజు డైరీలో రాసుకున్నదాన్ని ఎదురుగా పెట్టుకునే ఇది రాస్తున్నాను. కాబట్టి ఏళ్లు గడిచి జ్ఞాపకం రంగులు మార్చుకుందని అనుకోనక్కర్లేదు.

నేను కడపలో డిగ్రీ చదివి, కర్నూలులో ఒక చిన్న ఆఫీసులో వెబ్ పేజీలు తయారుచేసే ఉద్యోగం చేస్తున్నాను. మా పనిలో సగం 'ఇలా అయితే ఇది చెయ్యి, కాకపోతే అది చెయ్యి' అని యంత్రానికి చెప్పడమే. మిగతా సగం, ఆ 'ఇలా'ను ఒక పేరున్న డబ్బాలో జాగ్రత్తగా దాచడం. ఆ డబ్బాను వేరియబుల్ అంటాం. షరతు తప్పయినా, డబ్బాలో ఉన్నది తప్పయినా పేజీ తప్పు చెబుతుంది. ఈ రెండూ సరిగ్గా ఉంటే తప్పు చెప్పదు. నాకు మనుషుల మధ్య లేని ధైర్యమంతా ఈ ఒక్క మాట దగ్గర ఉంది.

మా మేనమామకు కోయిలకుంట్ల దగ్గర నాపరాయి గని ఉంది. మంచి బండ అడుగున ఉంటుంది. దాని మీద పనికిరాని రాయి మందంగా ఉంటే మందు పెట్టి పేలుస్తారు. పేల్చే ముందు గుంతలో ఉన్నవాళ్లంతా పైకి రావాలి. ఒక్కరు లోపల మిగిలినా వాళ్ల పని అంతే.

అందుకోసం ఆ గనిలో ఒక పద్ధతి ఉండేది. మామ పైన గట్టు మీద నిలబడి ఒక్కొక్కరి పేరు పిలుస్తాడు. పిలిచినవాళ్లు "వచ్చినా" అంటారు. అందరి పేర్లూ అయ్యాక చివరగా "ఓబులేసూ" అని పిలుస్తాడు. అప్పుడు అందరూ నిశ్శబ్దంగా ఉంటారు. గుంతలోంచి ఏ మాటా రాకపోతే మామ చెయ్యి ఎత్తుతాడు. మందు పేల్చే మస్తానన్న ఈల ఊది పేలుస్తాడు.

ఓబులేసు ఎప్పుడో ఆ గనిలోనే చనిపోయిన మనిషి. పైకి వచ్చినవాడు మరిచిపోయిన సమ్మెట కోసం మళ్లీ దిగాడట. ఎవరూ చూడలేదు. అప్పటి నుంచి ఆయన పేరు చివర పిలుస్తున్నారు. మిగతా అందరూ పలకాలి. ఆయన ఒక్కడే పలకకూడదు. ఆయన పలకలేదంటే లోపల ఎవరూ లేరని వాళ్ల లెక్క.

ఈ పిలుపుతో ఒకసారి చిక్కు వచ్చింది. ఆ గనిలో మద్దిలేటి అనే పేరుతో ఇద్దరున్నారు. ఆ పేరు రెండుసార్లు పిలిస్తే రెండుసార్లూ ఒకరే పలికారు. పలకని మద్దిలేటి ఇంకా కిందే బీడీ కాలుస్తున్నాడు. మస్తానన్న చివరి క్షణంలో పొగ చూసి ఆపాడు. ఆ తర్వాతే మామ నాకు ఫోన్ చేశాడు.

"ఏం పాపా, ఊళ్లోవాళ్లకందరికీ ఏందేందో చేసిస్తాండావంట. మా గనికి ఒకటి చెయ్యి. గొంతు పోతాంది నాకు."

నేను చేసిచ్చిన పేజీ చాలా సాదా. గుంతలోంచి పైకి వచ్చే దారి చివర రేకుల షెడ్డు ఉంది. దాని స్తంభానికి ఒక పాత ట్యాబ్ కట్టాం. తెర మీద గడులు, ఒక్కో గడిలో ఒక్కో మనిషి పేరు, ఫోటో. పైకి వచ్చినవాళ్లు తమ గడిని తాకితే అది పచ్చగా మారి 'వచ్చినారు' అని చూపిస్తుంది. అందరివీ పచ్చబడితే అడుగున పెద్ద అక్షరాలతో 'మందు పేల్చవచ్చు' అని వస్తుంది. లేకపోతే 'ఆగండి' అని ఉంటుంది.

"గుడిలో గంట మాదిరి పోయేటప్పుడు ఒకటి కొట్టల్ల, అంతేనా?" అని అడిగింది సుంకులమ్మ. రాళ్లు మోసే ఆడవాళ్లలో పెద్దామె.

అవునని తలూపాను.

"నోట్లో మాట లేదు గానీ ఈ పిల్ల గాజుపలకకి మాటలు నేర్పిచ్చింది సూడండప్పా" అందామె. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

మొదట పరీక్షించినప్పుడే ఒక తప్పు దొరికింది. బీడీ మద్దిలేటి కిందే ఉన్నా పేజీ 'పేల్చవచ్చు' అంది. కారణం వెంటనే తెలిసింది. 'రాలేదు' అన్న విలువను ట్యాబ్‌లో దాచేటప్పుడు అది మాటగా మారిపోయింది. యంత్రానికి ఖాళీగా లేని ఏ మాటయినా 'అవును' కిందే లెక్క. ఆ మాట 'కాదు' అయినా సరే. మా పనిలో కొత్తవాళ్లందరూ ఒకసారి పడే గుంత ఇది. సరిచేసి, ఒక్కొక్కరినీ కింద నిలబెట్టి మళ్లీ పరీక్షించాకే వాడనిచ్చాను. తప్పంటే ఇలా కారణంతో సహా దొరుకుతుందని చెప్పడానికే ఇది రాశాను.

అయితే వాళ్లు వాడలేదు. ట్యాబ్ ముందు నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి మస్తానన్న అన్నాడు.

"ఓబులేసు పేరు యాడ?"

చనిపోయిన మనిషికి గడి ఎందుకని నా నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఇంకో గడి చేర్చాను. దాన్ని ఎవరు తాకినా ఏమీ కాదు. బూడిద రంగులో ఉంటుంది. దాని కింద 'పలకలేదు' అని ఉంటుంది. ఓబులేసు విలువను వేరియబుల్‌గా కూడా పెట్టలేదు. ఒకసారి రాస్తే మళ్లీ మార్చడానికి వీల్లేని స్థిరమైన విలువగా పెట్టాను.

"మరి ఆయప్ప పలికితే ఏం చూపిస్తాది?" అని అడిగాడు మస్తానన్న. ఆయన నవ్వడం లేదు.

"ఆగండి అని చూపిస్తుందన్నా" అన్నాను. అన్నాక అబద్ధం చెప్పినట్టు అనిపించి, షరతులో ఆ ముక్క నిజంగానే రాశాను. 'అందరూ వచ్చి, ఓబులేసు పలకకుండా ఉంటేనే పేల్చవచ్చు, లేకపోతే ఆగండి.' ఆ విలువ ఎన్నటికీ మారదు గనుక ఆ ముక్క ఉన్నా లేనట్టే. మాట నిలబెట్టుకోవడానికి రాశానంతే.

పేజీ బాగా పనిచేసింది. మామ గొంతుకు విశ్రాంతి దొరికింది. పేర్లు పిలవనక్కర్లేదు గనుక ఆయన గట్టు మీద నిలబడటం కూడా మానేశాడు.

గనిలోకి కొత్తగా కొందరు పనికి వస్తే వాళ్ల ఫోటోలు తీసుకుందామని ఒక ఆదివారం వెళ్లాను. ఎండ విపరీతంగా ఉంది. తెల్లటి రాతి దుమ్ము మీద ఎండ పడి కళ్లు తెరవనివ్వడం లేదు. ఫోటోలు తీసుకుని, ల్యాప్‌టాప్ తెరవకుండానే సంచిలో పెట్టుకుని షెడ్డులో కూర్చున్నాను. పేర్లు ఇంటికి వెళ్లి చేర్చుదామనుకున్నాను. ఆ కొత్తవాళ్లను ఆ రోజు గుంతలోకి దించలేదు. వాళ్లు నా పక్కనే ఉన్నారు.

అన్నాలు తిన్నాక మందు పేల్చడానికి సిద్ధమయ్యారు. ఒక్కొక్కరే పైకి వచ్చి తమ గడి తాకుతున్నారు. ఇద్దరు మద్దిలేట్లూ వచ్చారు. సుంకులమ్మ చివరగా వచ్చి, చెమట చేతిని కొంగుకు తుడుచుకుని మరీ తాకింది.

మస్తానన్న ఈల నోట్లో పెట్టుకుని తెర వైపు చూశాడు. తర్వాత ఈల తీసేశాడు.

"పాపా, ఇది ఆగమంటాందే."

వెళ్లి చూశాను. అందరి గడులూ పచ్చగా ఉన్నాయి. అడుగున 'ఆగండి' అని ఉంది. ఓబులేసు గడి కూడా పచ్చగా ఉంది. దాని కింద ఉండాల్సిన 'పలకలేదు' లేదు. 'పలికినాడు' అని ఉంది.

నేను మొదట చేసిన పని ఫోన్ తీసి ఫోటో తీయడం. తప్పు కనబడగానే ఫోటో తీసుకోవడం మాకు అలవాటు. తర్వాత పేజీని మళ్లీ తెరిచాను. మారలేదు.

"ఇది పేజీలో తప్పయ్యుంటుందన్నా, నేను చూస్తాను" అన్నాను. నాకు నిజంగానే అలా అనిపించింది.

"తప్పే కావచ్చు" అన్నాడు మస్తానన్న. "ఆయప్ప పలికినాక మాత్రం నేను కాల్చను. లోపల ఎవురుండారు?"

"ఎవురుంటారన్నా, అందరం ఈడనే ఉండాం గదా" అన్నాడు బీడీ మద్దిలేటి.

"రెడ్డి యాడ?"

"టౌన్‌కి పోయినాడు. బండి లేదు సూడు."

గనిలో అందరూ రెడ్డి అనేది మామనే. నిజమే, ఆయన మోటార్ సైకిల్ షెడ్డు పక్కన లేదు. నేనూ అదే అనుకున్నాను. అప్పుడు కొత్తగా వచ్చినవాళ్లలో ఒకతను, బండిని డీజిల్ కోసం ట్రాక్టర్ డ్రైవర్ తీసుకుపోయాడని చెప్పాడు.

మస్తానన్న వైర్లు విప్పేసి గుంతలోకి దిగాడు. వెనకే మద్దిలేట్లిద్దరూ దిగారు.

మామ గుంతలో అవతలి వైపు, పేర్చిన బండల వెనక నీడలో పడి ఉన్నాడు. బండ పొర ఎంత మందం ఉందో చూడటానికి వెళ్లాడట. ఆయనకు షుగర్ ఉంది. ఆ రోజు అన్నం తినకుండా దిగాడు. కళ్లు తిరిగి కూర్చుని, అలాగే స్పృహ తప్పిపోయాడు. ఆ బండలకు ఎదురుగానే మందు పెట్టిన బొరియలు ఉన్నాయి.

పైకి మోసుకొచ్చాక సుంకులమ్మ ఆయన తలను ఒళ్లో పెట్టుకుని నాలుక మీద చక్కెర రాసింది. బండలు ఎత్తడానికి వచ్చిన లారీలో ఆసుపత్రికి పంపాం. మామ బతికాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

లారీ కదిలాక నేను ట్యాబ్ దగ్గరికి తిరిగి వచ్చాను. ఓబులేసు గడి మళ్లీ బూడిద రంగులో ఉంది. కింద 'పలకలేదు' అని ఉంది. అడుగున 'మందు పేల్చవచ్చు' అని ఉంది. అందరం లారీ దగ్గరే ఉన్నాం, అప్పటిదాకా షెడ్డులో ఎవరూ లేరు.

మామ పేరు ఆ పేజీలో ఎందుకు లేదో ఆ సాయంత్రమే అర్థమైంది. పేర్లు ఇచ్చింది ఆయనే. పిలిచే మనిషి తనను తాను పిలుచుకోడు. గట్టు మీద నిలబడి పిలిచినన్నాళ్లూ ఆయన గుంతలో ఉండే అవకాశమే లేదు. పిలుపు బదులు పేజీ వచ్చాక గట్టు మీద మనిషి లేడు, పేజీలో పేరూ లేదు. ఇంతవరకు నేను వివరించగలను. ఇక్కడ తెలియనిదేమీ లేదు.

మిగతాదే వివరించలేను. కర్నూలు వచ్చాక కోడ్ అంతా వరుస వరుసగా చదివాను. మాట 'అవును'గా మారిపోయే పాత తప్పు మళ్లీ వచ్చిందేమోనని చూశాను. రాలేదు. ఓబులేసు విలువ ఎక్కడెక్కడ వాడానో వెతికాను. ఆ ఒక్క షరతులోనూ, గడి రంగు దగ్గరా తప్ప ఎక్కడా లేదు. కోడ్‌ను ఎవరైనా మార్చారేమోనని పాత ప్రతులతో పోల్చాను. అక్షరం తేడా లేదు. కోడ్ మార్చడానికి కావాల్సిన పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది.

ఎండకు ట్యాబ్ వేడెక్కి ఒక విలువ తారుమారైందనే అనుకుందాం. రంగు మారుతుంది, 'ఆగండి' వస్తుంది. ఒప్పుకుంటాను. కానీ ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? నా కోడ్‌లో 'వచ్చినారు' ఉంది, 'రాలేదు' ఉంది, 'పలకలేదు' ఉంది. 'పలికినాడు' లేదు. ఓబులేసు పలుకుతాడని నేను అనుకోలేదు గనుక, పలికితే చూపించడానికి మాట రాయలేదు. యంత్రం పొరపాటున విలువలు మార్చగలదు. లేని మాటను తెలుగులో పొందికగా రాయలేదు.

ఆఫీసులో మా సీనియర్‌కు ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, పాత పేజీ ఏదో ట్యాబ్‌లో మిగిలిపోయి ఉంటుందన్నారు. ఏ పాత పేజీలోనూ ఆ మాట లేదని చూపించాను. అయితే ఫోటోను ఎవరో మార్చి ఉంటారన్నారు. ఫోటో తీసింది నేనేనని చెప్పి ఊరుకున్నాను.

మామ కోలుకున్నాక నన్ను ఒక్కటే అడిగాడు. "నా పేరు పెట్టు పాపా. ముందర పెట్టు." పెట్టాను. ఇప్పుడు మొదటి గడి ఆయనది. చివరి గడి ఓబులేసుది. అత్త గనికి ఎప్పుడూ రాని మనిషి, ఆ రోజు వచ్చి ఆ గడిని కొంగుతో తుడిచి వెళ్లింది. ఆ గడి మళ్లీ ఎప్పుడూ పచ్చబడలేదు.

మా ఆఫీసులో ఒక నియమం ఉంది. ఎన్నటికీ ఫలితం మారని షరతును కోడ్‌లో ఉంచకూడదు. చదివేవాళ్లు తికమకపడతారు. నేను ఆ నియమాన్ని గట్టిగా పాటిస్తాను, ఇతరుల కోడ్‌లో కూడా తీసేయిస్తాను. ఆ గని పేజీలో మాత్రం తీయలేదు. రేపు నా తర్వాత ఇంకెవరైనా తెరిచి చూస్తారని, ఆ వరుస పక్కన యంత్రం చదవని చోట తెలుగులో రెండు వాక్యాలు రాసి పెట్టాను.

'ఇది తీయవద్దు. ఎందుకో నాకు తెలియదు.'