కింది నుంచి చదివే జాబితా

అమీర్‌పేట స్టేషన్‌లో మెట్రో తలుపులు మూసుకునే ముందు సన్నగా ఒక కూత వస్తుంది. ఎన్నేళ్లుగా వింటున్నా ఆ చప్పుడుకి నా అరచేతులు చల్లబడతాయి. పిల్లల పరుగు సమయం కొలవడానికి గీత దగ్గర మేము పెట్టిన యంత్రం కూడా అచ్చం అలాగే కూసేది. ఆ కూత వెంట సరోజ మేడమ్ గుర్తొస్తారు, ఆమె వెంట స్టెల్లా.

మేడమ్ ఒకప్పుడు జిల్లా పోటీల్లో పరుగెత్తిన మనిషి. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక, మూడో అంతస్తులో ఆమెది రెండు గదుల ఆఫీసు. సర్కారు బడి పిల్లల్ని పరుగెత్తించి, దూకించి, ఆ లెక్కలు కంప్యూటర్‌కెక్కించి, క్రీడా హాస్టల్ సీటుకు ఎవరు తగినవారో జాబితా పంపడం మా పని. కాకినాడ నుంచి స్టాటిస్టిక్స్ డిగ్రీతో దిగిన నాకు పొగరు దండిగానే ఉండేది.

ఆమెకొక పద్ధతి. జాబితా పంపే ముందు గట్టిగా చదవాలి, అదీ కింది నుంచి. "ఏంటి మేడమ్, కంప్యూటర్ తప్పు చేస్తుందా?" అని నవ్వాను.

"అది చెయ్యది బిడ్డా, నువ్వు చేస్తవ్. పైనున్నోళ్లను అందరు చూస్తరు. కిందున్నోళ్లను మనం సుత చూడకపోతే ఎట్ల?"

నేను చేరిన ఏడే, మేడమ్ ఊళ్లో లేనప్పుడు జాబితా గడువు వచ్చింది. చదవకుండానే పంపేశాను. వారం తర్వాత, ఎంపికైనవాళ్ల పేర్లు గోడకెక్కాక ఆమె తిరిగొచ్చారు. "చదివినవా?" అన్నారు. తల అడ్డంగా ఊపాను. "ఇప్పుడు చదువు."

చదువుతూ, ఎంపిక గీతకు సరిగ్గా కిందున్న పేరు దగ్గరికొచ్చాను. స్టెల్లా, ఎర్రగడ్డ.

"గీ పిల్ల ఏ రోజు ఉరికింది?"

"రెండో రోజు" అంటూనే నేనెక్కడ తప్పు చేశానో తట్టింది. మొదటి రోజు పిల్లల్ని స్టాప్‌వాచ్‌తో కొలిచాం. పరుగు మొదలయ్యాక మనిషి బొటనవేలు కాస్త ఆలస్యంగా నొక్కుతుంది, అందుకే చేతి లెక్కలో పిల్లలు ఉన్నదానికన్నా వేగంగా కనిపిస్తారు. రెండో రోజుకి యంత్రం వచ్చింది. దానికి ఆ ఆలస్యం, మొహమాటం లేవు. రెండు రోజుల లెక్కల్నీ సరిచేయకుండా ఒకే వరుసలో పోశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. సరిచేసి చూస్తే స్టెల్లా గీతకు పైనే ఉంది.

పంజాగుట్టలో ఎంపిక చేసే ఆఫీసుకి ఆటోలో పరుగెత్తాం. దారంతా నా ఉద్యోగం పోతుందన్న భయమే తప్ప ఆ పిల్ల ఊసే నాకు తోచలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మేడమ్ నా పేరు ఎత్తలేదు. "తప్పు మాదే సార్" అన్నారు. ఆ అధికారి తలెత్తి, "సీట్లు నిండినయి మేడమ్. వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. వచ్చే ఏడాదికి స్టెల్లా వయసు దాటిపోతుంది.

మెట్లు దిగుతూ మేడమ్, "ఆ పిల్లకు నువ్వే చెప్పాలె" అన్నారు. అసలు భయం అప్పుడు పట్టుకుంది.

ఎర్రగడ్డ రైతుబజార్ వెనక వాళ్ల ఇల్లు. తల్లి కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. తాగకుండానే గ్లాసు కింద పెట్టాను. తప్పు నాదేనని, సీటు ఇక రాదని చెప్పేశాను. తిడితే బాగుండుననిపించింది. స్టెల్లా గోడకి ఆనుకుని నా వైపు చూసింది.

"అయితే అక్కా, నేను మెల్లగ ఉరకలేదా?"

"లేదమ్మా. బాగా పరుగెత్తావు."

ఆ పిల్ల తల్లి వైపు తిరిగి, "చూసినవా మమ్మీ" అంది. అని ఏడ్చేసింది.

మేడమ్ నన్ను పనిలోంచి తీసేయలేదు. "ఈ భయం ఎప్పటికి పోతుంది మేడమ్?" అని ఒకసారి అడిగాను. "పోయిన రోజు చెప్పు. గా రోజు తీసేస్త" అన్నారు.

ఆమె కన్నుమూసి రెండేళ్లయింది. ఆ మూడో అంతస్తు గదుల్లో ఇప్పుడు జాబితాలు నేనే పంపుతున్నాను. ప్రతిదాన్నీ కింది నుంచి గట్టిగా చదువుతాను. అన్నిటికన్నా ముందు, ఇప్పటి ఏ జాబితాలోనూ లేని ఒక పేరు చదువుతాను. స్టెల్లా, ఎర్రగడ్డ. చేతులు చల్లబడ్డాకే జాబితాలో అట్టడుగు పేరుకి వెళ్తాను.