బొమ్మ వచ్చింది, గొంతు రాలేదు

నిన్న విజయనగరంలో ఒక కంప్యూటర్ల దుకాణంలో కూర్చుని, సంచిలోంచి అన్నయ్య పెన్‌డ్రైవ్ తీశాను. వల అల్లే నైలాను తాడు ముక్క దానికి ఇంకా కట్టే ఉంది. వేళ్లకి తగలగానే ఏది ఏదో తెలియడానికి ఆయన తన వస్తువులన్నిటికీ అలా ఏదో ఒకటి కట్టుకునేవాడు. ఆయన పోయాక ఒక వానాకాలం గడిచింది. "ల్యాప్‌టాప్ ఎవరికమ్మా?" అని దుకాణం అతను అడిగాడు. "మా ఇంట్లో ఒకరికి" అన్నాను. ఆ ఒకరు నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. కంటి డాక్టరమ్మ చెప్పిన మాట అప్పటికి ఎవరితోనూ అనలేదు. అన్నయ్యకి వచ్చిన జబ్బే, గ్లాకోమా. తోడబుట్టినవాళ్లలో ఒకరికి ఉంటే రెండోవాళ్లకీ వచ్చే అవకాశం ఎక్కువట. చుక్కలు వేసుకుంటే నెమ్మదిస్తుంది. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు.

మాది భోగాపురం వైపు సముద్రపు ఒడ్డు. నాన్న వేటకి వెళ్లేవాడు. అమ్మ గంప ఎత్తుకుని ఊళ్లు తిరిగి చేపలు అమ్మేది. అమ్మేది తనే అయినా కొనేవాళ్ల పక్షాన మాట్లాడేది. "నా మాట నమ్మకండమ్మా, మొప్ప ఎత్తి సూడండి. అదే సెప్తాది" అనేది. మొప్ప ఎర్రగా ఉంటే తాజా, నల్లబడితే నిలవ. ఆ గంప సంపాదనతోనే అన్నయ్య సైన్సు మేష్టారయ్యాడు, నేను గరివిడిలో ఒక బడి లైబ్రరీలో కుదురుకున్నాను. వదిన పోయాక అన్నయ్య మా ఇంటికే వచ్చేశాడు. అప్పటికే ఆయనకి పక్కనుంచి వచ్చే మనిషి కనిపించడం మానేశాడు. పుస్తకం పేజీలో అంచులు పోయి నడిమి మాటలు మిగిలాయి. తర్వాత అవీ పోయాయి. ఇంకా కాస్త చూపు ఉండగానే ఆయన చేసిన పని, తెర మీది అక్షరాలని పైకి చదివి వినిపించే కంప్యూటర్‌ని నేర్చుకోవడం. "కనిపించినప్పుడే నేర్సుకోవాలే. పోయాక నేర్సుకోవడానికి గుండె సాలదు" అన్నాడు. నేను తల ఊపాను. ఆ ఊపడం ఆయనకి కనిపించలేదని తర్వాత గాని తట్టలేదు.

ఆయనకి దొరికినదీ చేతులకి అలవాటైనదీ లైనక్స్, విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. దాని తెలుగు గొంతు వినడానికి అంత బాగుండదు. రాయి మీద గరిటె గీసినట్టు ఉంటుంది. ఒత్తులు సగం మింగేస్తుంది. అన్నయ్య దాన్ని పంతులూ అని పిలిచేవాడు. "ఒరే పంతులూ, నెమ్మదిగా సదువు, రైలేటి ఎల్లిపోతందా?" అని మందలించేవాడు. పొద్దున్నే వంటింట్లోకి ఆ గరగర, దాని మీద ఈయన కసుర్లు వినిపిస్తుంటే ఇంట్లో ఇద్దరు మగాళ్లున్నట్టు ఉండేది.

లైనక్స్‌తో ఒక చిక్కు ఉంది. దుకాణంలో కనిపించే ప్రతి కంప్యూటరూ దానితో కలవదు. ఒకదానిలో వైఫై రాదు, ఇంకొకదానిలో శబ్దం రాదు. అన్నయ్యకి శబ్దం రాకపోతే ఏదీ లేనట్టే. అందుకని లైనక్స్ మొత్తాన్ని ఆ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాడు. కొత్త యంత్రానికి తగిలించి పెన్‌డ్రైవ్ నుంచే నడిపిస్తే, లోపల ఉన్నదేదీ కదపకుండానే ఏది కలుస్తుందో ఏది కలవదో కొనకముందే తెలిసిపోతుంది. మొప్ప ఎత్తి చూడటమే. అప్పుడే మార్కెట్లోకి వచ్చిన మోడల్ వద్దనేవాడు. దాని భాగాలతో మాట్లాడటం లైనక్స్‌కి కొన్నాళ్లు పోతేగాని రాదట. "సేపైతే తాజాది కావాలి. కంప్యూటర్‌కి ఎండుసేప లెక్క, కొంచెం ఎండినాదే మేలు" అనేవాడు.

పాత యంత్రం చెడిపోయినప్పుడు మేమిద్దరం పాసింజరు ఎక్కి విజయనగరం వచ్చాం. దుకాణంలో పెన్‌డ్రైవ్ తగిలించాం, పంతులు పలికాడు, అన్నయ్య మొహం విప్పారింది. దుకాణం యజమాని మంచివాడు. బయట పెట్టిన దాని మీద పదిమంది చేతులు పడ్డాయని, అదే మోడల్ సీలు విప్పనిది తీసి ఇచ్చాడు. మాకూ కొత్తదంటే సంబరం. ఇంటికొచ్చి, స్నానం చేసి, దానికి బొట్టు పెట్టి, పెన్‌డ్రైవ్ తగిలించి బటన్ నొక్కాడు అన్నయ్య.

ఫ్యాను సన్నగా తిరిగింది. తెర వెలిగింది, రంగులు వచ్చాయి, అక్షరాలు వచ్చాయి. అన్నయ్య తల కొంచెం పక్కకి వంచి వింటున్నాడు.

"ఏటే, ఏటైంది?"

"బొమ్మ వచ్చింది అన్నియ్యా."

"బొమ్మ నాకేటికే?"

తీసి మళ్లీ పెట్టాం. మళ్లీ బొమ్మే వచ్చింది. నాకు తెలిసిన మీటలన్నీ నొక్కాను. ఏం చెప్పాలో తోచక నేనూ మాట మానేశాను. అది నేను చేయకూడని పని. అన్నయ్య చెయ్యి బల్ల మీద వెతుకుతూ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. తుఫానులో నాన్న పడవ తిరిగి రాకపోయినా ఏడవని మనిషి, బోర్డు మీద సుద్దముక్క విరిగేలా రాసి పిల్లల్ని హడలెత్తించిన మనిషి, చిన్నపిల్లాడి గొంతుతో "ఉన్నావా?" అన్నాడు. "ఉన్నాను" అన్నాను. అంత భయం ఒక మనిషిలో శబ్దం లేకుండా ఉండగలదని నేనప్పుడే చూశాను. నాకు అంతా బాగున్నట్టే కనిపిస్తున్న ఆ తెర ముందు ఆయనకి మాత్రం ఏమీ లేదు.

అమ్మ చెప్పిన రెండో మాట అప్పుడు గుర్తొచ్చింది. మొప్ప ఎత్తిన చేపనే చేత్తో పట్టుకో, గంప అడుగునుంచి ఇంకొకటి తియ్యనివ్వకు. మర్నాడు మళ్లీ పాసింజరు ఎక్కాం. "రెండూ ఒకటే మోడల్ కదండీ మేష్టారూ!" అని దుకాణం యజమాని నిజంగానే ఆశ్చర్యపోయాడు. అతనే వెతికి చూసి చెప్పాడు: పేరు అదే అయినా లోపలి శబ్దం చిప్పు వేరేవాళ్లదట. దానితో మాట్లాడటం లైనక్స్‌కి ఇంకా రాదట. "కవలపిల్లలిద్దరిదీ ఒకటే మొహం బాబూ. ఇద్దరూ పాడతారేటి?" అన్నాడు అన్నయ్య. అందరూ నవ్వారు. ఆయన చెయ్యి మాత్రం నా మణికట్టు వదలలేదు. పదిమంది చేతులు పడ్డ ఆ యంత్రాన్నే తెచ్చుకున్నాం. ఆ తర్వాత ఆయన ఆ యంత్రంలోనూ పెన్‌డ్రైవ్‌లోనూ ఒక మార్పు చేశాడు. యంత్రం లేవగానే పంతులు పలికే మొదటి మాట "ఉన్నాను" అయింది. "నీకు పంతులు జవాబు సెప్తాడు, నాకెవరు సెప్తారు?" అని నేను వేళాకోళం ఆడాను. ఆయన నవ్వలేదు.

నిన్న దుకాణంలో మొదటి ల్యాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ తగిలించి కళ్లు మూసుకున్నాను. "బొమ్మొచ్చిందమ్మా, సూడండి" అన్నాడతను. "సూడను బాబూ, వింటాను" అన్నాను. బయట ఆటోల మోత, పైన ఫ్యాను. గొంతు రాలేదు. కళ్లు తెరిచి పారిపోదామనిపించింది. ఇంకొకటి తెమ్మన్నాను. మళ్లీ మూసుకున్నాను. ఈసారి బల్ల అంచు పట్టుకున్నాను, పట్టుకోవడానికి వేరే చెయ్యి లేదు గనక. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత రాయి మీద గరిటె గీసినట్టు, "ఉన్నాను."

"ఇదే ఇయ్యి బాబూ. డబ్బాలోది వద్దు" అన్నాను. పెన్‌డ్రైవ్ తీసి సంచిలో వేసుకుంటూ, "ల్యాప్‌టాప్ నాకే" అన్నాను.

బొమ్మ వచ్చాక గొంతు వచ్చేదాకా ఉండే ఆ కాసేపుని అన్నయ్య ప్రతి పొద్దునా ఒక్కడే దాటేవాడని, పక్కన కాఫీ కలుపుకుంటూ నాకెన్నడూ తట్టలేదు. చూసేవాళ్లకి అది చిటికె. వినేవాళ్లకి అది ఎంతసేపో, కాస్త చూపు ఉండగానే నేర్చుకుంటున్నాను.