సూదికి ఏడవని ఇల్లు

మా మేనత్త పోయిందన్న కబురు పులివెందుల బస్సులో వచ్చింది. ఆమె కొడుకు ప్రొద్దుటూరులో మా నూనె అంగడి ముందు దిగి, లోపలికి రాకుండా మెట్టు మీదే కూర్చున్నాడు. శెనిక్కాయలు ఒలుస్తూ గోడకు చేరగిలబడిందట. కోడలు పిలిస్తే పలకలేదట. తలనొప్పి అని ఎవరితోనూ అనలేదు.

మా వంశంలో చాలామంది అట్లాగే పోయారు. తాత చేలో, నాయన ఈ అంగట్లోనే. జమ్మలమడుగు ఆసుపత్రిలో డాక్టరమ్మ అత్త చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, రక్తపోటు ఉందని చెప్పినప్పుడుగాని ఆ చావులకొక పేరుందని మాకు తెలియలేదు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని ఆమె అడిగింది.

"ఎవరికి ల్యాదో అడుగు తల్లీ, బిరీన చెప్తా" అంది అత్త.

ఊళ్లో మాకు వేరే పేరుండేది: సూదికి ఏడవని ఇల్లు. చెవులు కుట్టేటప్పుడు ఇరుగుపొరుగు బిడ్డలు వీధంతా వినపడేట్టు ఏడిస్తే, మా బిడ్డలు కళ్లార్పి ఊరుకునేవారు. "ఏందక్కా, నా సూదికి మర్యాదే ల్యాకపాయ!" అని ఆచారి వాపోయేవాడు. నాయనకు అదొక గర్వం. "మా బిడ్డలు రాళ్లప్పా, రాళ్లు!" అనేవాడు.

"రాయికి పాలెందుకు? పక్కన పెట్టు" అనేది అత్త.

లింగాల, వేముల, ఏ ఊళ్లో మా బిడ్డ పుట్టినా ఆమె మూట కట్టుకుని వెళ్లేది. కాళ్లు చాపుకుని, బిడ్డను వాటిమీద పడుకోబెట్టి నీళ్లు పోసేది. తుడిచాక చెవుల వెనక, చంకల్లో, వేళ్ల సందుల్లో తడిమి చూసేది. "ఏడ్సే బిడ్డ తనే చెప్పుకుంటాది. మన బిడ్డను మనమే ఎతుక్కోవల్ల" అనేది.

లోపల రక్తం పొంగడానికీ, బిడ్డలకు నొప్పి తెలియకపోవడానికీ సంబంధముందా అని డాక్టరమ్మను అడిగింది కూడా. తాను చదివిన పుస్తకాల్లో లేదని, తనకు తెలియదని ఆమె చెప్పింది. తిరిగి వస్తూ బస్సులో అత్త, "తెలీదంటే ల్యాదని కాదు గదా అబ్బీ" అంది. నిజమేదో నాకూ తెలియదు.

మా ఇంట్లో కృతజ్ఞత నోటితో చెప్పుకునే అలవాటు లేదు. అందుకని ఒక్క సంగతి రాస్తాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా పెద్దమ్మాయి పుట్టింది. నెల కూడా నిండలేదు. ఎంత నెమ్మదైన బిడ్డో అని చూడవచ్చినవారంతా మెచ్చుకుంటున్నారు. ఆ ఉదయం అత్త వచ్చి, కాళ్లు కడుక్కుని, గుడ్డలు విప్పింది. ఎడమకాలి వేలొకటి నేరేడుపండులా నల్లబడి ఉంది. తల్లి తలవెంట్రుక చుట్టుకుని, కనపడనంతగా చర్మంలోకి దిగిపోయింది.

"ఒక్క కూత కూడా కూయలేదత్తా" అంది నా భార్య.

నేను జట్కా కోసం లేచాను.

"బండి వచ్చేలోపల వేలు పోతాది. నూనె తే. సూది తే."

గడప దగ్గర ఎండలో కూర్చుని, వేలికి నూనె రాసి, సూదిమొనతో వెంట్రుకను లేపి తెంచింది. పాప ఆమె ముఖంకేసే చూస్తోంది. సూది తగిలినా ఏడవలేదు. మాకు గర్వంగా ఉండే ఆ మౌనానికి మొదటిసారి భయపడ్డాను.

వేలు నల్లగానే ఉంది. అత్త దాన్ని నిమురుతూ కూర్చుంది. కొంతసేపటికి మొదలు దగ్గర కాస్త ఎరుపు కనిపించింది. అది మెల్లగా కొన వరకూ పాకింది. అప్పుడు పాప పెదవి విరిచి, ఒళ్లంతా కందిపోయేట్టు ఏడ్చింది.

నా భార్య చేతులు చాచింది. అత్త ఇవ్వలేదు.

ఆ ఏడుపుకు పక్కింటి బూబమ్మ గోడమీంచి తొంగిచూసింది. "ఏందక్కా, బిడ్డ అట్ల ఏడుస్తాంటే నవ్వుతాండావే! ఊరుకోబెట్టు!"

"ఊరుకోబెట్టను పోవే. వేలికి పానం వచ్చిండాది."

నవ్వుతోందని బూబమ్మ అనుకుంది గాని, అత్త కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. పాపను భుజాన వేసుకుని, చిన్నపాదాన్ని అరచేతిలో పట్టుకుని ఎండలో వాకిలంతా తిరిగింది. "ఏడ్సు నా తల్లీ, ఇంకా గెట్టిగా ఏడ్సు" అంటూ.